ఓటు వేసినదెవరో యంత్రానికి తెలియదు: ఈవీఎంలు, ఓటరు గుర్తింపుపై చర్చ

హంద్రీ గట్టు (కర్నూలు), ఆదివారం ఉదయం 7.40

సభ్యులందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. 2024 మే 13న జరిగిన ఎన్నికల్లో జిల్లాకు పడమటి వైపున్న ఒక పల్లెలో మొదటి పోలింగ్ అధికారిగా పనిచేశాను. వచ్చినవారి గుర్తింపు కార్డు చూసి, జాబితాలో క్రమసంఖ్య వెతికి, ఏజెంట్లకు వినిపించేలా పేరు చదివి, ఆ పేరు మీద గీత గీయడం నా పని. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో డెబ్బై దాటిన ఒక అవ్వ కార్డు చేతపట్టుకుని వచ్చింది. చూస్తే ఆమె క్రమసంఖ్య మీద అప్పటికే నా చేతిరాతతోనే గీత ఉంది. ఆమె వేలి మీద మాత్రం సిరా చుక్క లేదు. "నేను ఇప్పుడే గదా నాయనా వచ్చింది, నా ఓటు ఎవురు ఏసినారు?" అని ఆమె అడిగితే గదిలో ఉన్న ఏజెంట్లు ముగ్గురూ తలలు దించుకున్నారు. ప్రిసైడింగ్ అధికారి నిబంధనల పుస్తకం తిరగేసి ఆమెకు టెండర్ బ్యాలెట్ ఇచ్చారు. కాగితం చేతికందగానే అవ్వ "ఇది ఆ మిషన్లో పడదా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

అప్పటి నుంచి నన్ను ఒక ఆలోచన వదలడం లేదు. ఈవీఎంను ఎవరైనా మార్చగలరా అని టీవీల్లో ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాం కానీ, ఆ యంత్రం ముందు నిలబడిన మనిషి ఎవరన్నది తేల్చే పని ఇప్పటికీ ఒక బల్ల, ఒక పెన్ను, నాలాంటి అలసిన మాస్టారు మీదే నడుస్తోంది. బ్యాంకులో, రేషన్ దుకాణంలో వేలిముద్ర తీసుకుంటున్న రోజుల్లో పోలింగ్ కేంద్రంలో ఎందుకు తీసుకోకూడదు? ఆ టెండర్ కాగితాన్ని ఎప్పటికైనా లెక్కిస్తారా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

---

ఏడురోడ్ల వకీలు (కడప), ఆదివారం ఉదయం 9.05

మాస్టారు గారూ, ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49పి కింద మీ ప్రిసైడింగ్ అధికారి చేసింది సరైన పనే. ఓటరు వివరాలను ఫారం 17బిలో రాసి, సంతకమో వేలిముద్రో తీసుకుని, అచ్చు బ్యాలెట్ కాగితం ఇస్తారు. ఆ కాగితాన్ని విడిగా కవరులో పెట్టి సీలు వేస్తారు. మామూలు ఓట్ల లెక్కింపులో ఆ కవరు తెరవరు. ఎన్నికపై హైకోర్టులో పిటిషన్ పడి, ఆ ఓట్ల సంగతి తేల్చాలని న్యాయస్థానం అనుకున్నప్పుడే అది వెలుగు చూస్తుంది. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి.జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. అక్కడి టెండర్ ఓట్ల వివాదం హైకోర్టు మీదుగా 2011లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆధిక్యం వేలల్లో ఉన్నచోట ఆ కవరును ఎవరూ తలుచుకోరు. అవ్వకు నిజం చెప్పాలంటే ఆ కాగితం ఆమె ఓటు కాదు, ఆమె ఫిర్యాదుకు సాక్ష్యం.

చాలామంది ఏజెంట్లు మరచిపోయిన మరో ఆయుధం 49జె. ఎదుట నిలబడిన వ్యక్తి అసలు ఓటరు కాదని ఏజెంటుకు అనుమానం వస్తే రెండు రూపాయలు డిపాజిట్ కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారించి తేల్చాలి. ఆరోపణ నిజమైతే ఆ వ్యక్తిని ఓటు వేయనివ్వరు. ఏజెంటు కావాలనే అల్లరికి అభ్యంతరం చెప్పాడని తేలితే రెండు రూపాయలు పోతాయి. నేను చూసిన కేంద్రాల్లో ఆ రెండు రూపాయలు కట్టిన ఏజెంటు ఒక్కడూ లేడు. ఊళ్లో ముఖాముఖాలు చూసుకుని బతకాలి కదా.

---

కొండారెడ్డి బురుజు, ఆదివారం ఉదయం 9.30

ఇంత శాస్త్రం అవసరం లేదండి. ఆధార్ వేలిముద్ర యంత్రం పెడితే దొంగ ఓటు ఒక్క రోజులో ఆగిపోతుంది. రేషన్ బియ్యానికి ఉన్న భద్రత ఓటుకు లేకపోవడం సిగ్గుచేటు.

---

కడప బండ (యర్రగుంట్ల), ఆదివారం మధ్యాహ్నం 12.15

బురుజు గారూ, మీరు చెప్పిన ఆ యంత్రాన్ని చాలా ఏళ్లు నా చేత్తో నడిపినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మా కుటుంబానికి చౌకధరల దుకాణం ఉండేది. 2015 నుంచి మన రాష్ట్రంలో ఈపాస్ యంత్రాలు వచ్చాక దొంగ కార్డుల బెడద తగ్గిన మాట నిజమే. మా ప్రాంతంలో సగం కుటుంబాలు నాపరాయి గనుల్లో, పాలిషింగ్ కర్మాగారాల్లో పనిచేస్తాయి. బండ కోసి, మోసి, అరగదీసే చేతులకు గీతలు మిగలవు. వేలు పెట్టగానే తప్పు చూపేది. తుడిచి పెట్టాలి, తడిపి పెట్టాలి, వేరే వేలు పెట్టాలి, అదీ కాకపోతే కనుపాప యంత్రం తేవాలి. ఆ లోపల సర్వరు పోతే దుకాణం ముందు అరుగు మీద కూర్చోవాలి. బియ్యం విషయంలో "రేపు రా అవ్వా" అని చెప్పగలిగాం. ఓటుకు రేపు లేదు.

వేలిముద్ర పడని వారెవరో కూడా గమనించండి. ముసలివారు, కూలివారు, పత్తి తీసేవారు, శనక్కాయ పీకేవారు. కుర్చీలో కూర్చుని పనిచేసేవారి వేలు మొదటిసారే పడుతుంది. ఇద్దరికీ ఒకే నిబంధన పెట్టినా వరుసలో నుంచి వెనక్కి వెళ్లేది ఎవరో ముందే తెలిసిపోతుంది. ఒకవేళ "వేలిముద్ర పడకపోతే కార్డు చూసి పంపండి" అని వెసులుబాటు ఇస్తే, దొంగ ఓటు వేసేవాడు ఆ దారినే వస్తాడు. అప్పుడిక యంత్రం పెట్టి ఏం లాభం?

---

పెన్న ఇసుక (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు), ఆదివారం రాత్రి 10.20

నేను ఎలక్ట్రానిక్స్ రంగంలో పనిచేస్తాను. ఇక్కడ రెండు సమస్యలు కలిసిపోతున్నాయని నాకనిపిస్తోంది. ఎన్నికలో రెండు విషయాలు రుజువు కావాలి. వచ్చినవాడు ఫలానా ఓటరే అన్నది మొదటిది, వేసిన ఓటు వేసినట్టే లెక్కలో పడిందన్నది రెండోది. ఈ రెంటి మధ్య గోడ ఉండాలి. ఎవరు వచ్చారో అందరికీ తెలియాలి, ఎవరికి వేశారో ఎవరికీ తెలియకూడదు. బ్యాంకు లావాదేవీలో ఆ గోడ లేదు. డబ్బు ఎవరు ఎవరికి పంపారో రెండు వైపులా రాసి ఉంటుంది కాబట్టి తప్పు జరిగితే వెనక్కి వెళ్లి పట్టుకోవచ్చు. ఓటు విషయంలో వెనక్కి వెళ్లే దారిని మనమే కావాలని మూసివేశాం. "బ్యాంకుకు పనికివచ్చింది ఓటుకు పనికిరాదా" అనే ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

వేలిముద్ర యంత్రం వచ్చినవారి సమయాన్ని క్షణాలతో సహా నమోదు చేస్తుంది. ఇప్పటి ఈవీఎంలు మీట నొక్కిన ప్రతిసారీ తేదీ, సమయం నమోదు చేసుకుంటాయని ఎన్నికల సంఘమే చెబుతోంది. ఈ రెండు చిట్టాలూ ఎప్పుడైనా ఒకరి చేతిలో పడితే ఎవరు ఎవరికి వేశారో జతపరచడం హైస్కూలు పిల్లవాడికి కూడా కష్టం కాదు. ఓటు వేయడానికి వచ్చినవారిని ఇప్పుడు నమోదు చేసే 17ఏ రిజిస్టరులో వరుస మాత్రమే ఉంటుంది, అది కాగితం, అదీ సీలులో ఉంటుంది. మొద్దుగా ఉండటమే దాని భద్రత.

ఇక యంత్రం సంగతి. మన ఈవీఎంలో ఓటరు నొక్కే బ్యాలెట్ యూనిట్, అధికారి దగ్గరుండే కంట్రోల్ యూనిట్, వాటితో పాటు చీటీ చూపించే వీవీప్యాట్ ఉంటాయి. బెంగళూరులోని బీఈఎల్, హైదరాబాదులోని ఈసీఐఎల్ వీటిని తయారుచేస్తాయి. ఇంటర్నెట్ లేదు, వైఫై లేదు. కాబట్టి దూరం నుంచి ఎవడో మీట నొక్కి మార్చేస్తాడన్న ప్రచారం తప్పు. "ఎవరూ ఏమీ చేయలేరు" అన్న మాటా తప్పే. 2010లో హైదరాబాదుకు చెందిన హరిప్రసాద్, అమెరికాకు చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రైప్ ఒక అసలు యంత్రాన్ని పరిశీలించి, అది చేతికి చిక్కితే అంకెలు చూపించే పలకను మార్చి ఫలితాన్ని తప్పుగా చూపించవచ్చని, జ్ఞాపకశక్తి చిప్‌కు చిన్న పరికరం తగిలించి ఓట్లు మార్చవచ్చని చేసి చూపారు. ఆ యంత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనందుకు ఆ ఆగస్టులో హరిప్రసాద్‌ను అరెస్టు చేశారు. యంత్రం బయటివారి చేతికి చిక్కదు, సీళ్లు ఉంటాయి, కాపలా ఉంటుంది అన్నది సంఘం జవాబు. అంటే భద్రత చిప్‌లో ఎంత ఉందో, స్ట్రాంగ్ రూమ్ తాళంలో, సీలు మీద సంతకం పెట్టిన ఏజెంటులో అంతకన్నా ఎక్కువ ఉంది.

---

కొండారెడ్డి బురుజు, సోమవారం ఉదయం 6.50

అయితే కాగితం బ్యాలెట్‌కే వెళదాం. మన పంచాయతీ, ఎంపీటీసీ ఎన్నికలు 2021లో కూడా పెట్టెలతోనే జరిగాయి కదా, ఆకాశమేమీ ఊడిపడలేదు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో ఓటింగు కంప్యూటర్లను తోసిపుచ్చింది.

---

పాత పీవో (అనంతపురం, విశ్రాంత ఉద్యోగి), సోమవారం ఉదయం 8.30

జర్మనీ తీర్పు గురించి మీరు చెప్పింది సరే. సాంకేతిక పరిజ్ఞానం లేని సామాన్య పౌరుడు కూడా ఎన్నికలోని ముఖ్యమైన దశలను స్వయంగా పరిశీలించగలగాలి అన్నది దాని సారాంశం. ఆ మాటతో నాకు పేచీ లేదు. కానీ మీరు పెట్టెల రోజులు చూసినట్టు లేరు, బాబూ.

నేను పెట్టెలతోనూ చేశాను, యంత్రాలతోనూ చేశాను. పెట్టెల కాలంలో మన సీమ పల్లెల్లో పదిమంది లోపలికి వచ్చి తలుపు మూసుకుంటే, బ్యాలెట్ కాగితాల కట్ట తీసుకుని, ముద్ర గుద్ది, మడిచి, పెట్టెలో కుక్కడం అరగంట పని. ముద్ర గుద్దేవాడి చేయి నొప్పి పుట్టడమే ఆ పద్ధతికి ఉన్న ఏకైక హద్దు. 1989లో కేంద్రాల ఆక్రమణను చట్టంలో ప్రత్యేక నేరంగా చేర్చారంటే పరిస్థితి ఎంత దూరం వచ్చిందో ఊహించుకోండి. యంత్రంలో ఓటు పడాలంటే ప్రతిసారీ అధికారి కంట్రోల్ యూనిట్ మీద బ్యాలెట్ మీట నొక్కాలి. నిమిషానికి నాలుగైదుకు మించి పడవు. గొడవ మొదలైందనగానే క్లోజ్ మీట నొక్కితే ఇక యంత్రం ఏ ఓటూ తీసుకోదు. నన్ను అడిగితే మన ప్రాంతానికి ఈవీఎం చేసిన మేలు వేగం కాదు, నిదానమే.

యంత్రాలు ఒక్కరోజులో వచ్చినవి కావు. 1982లో కేరళలోని పరవూరులో 50 కేంద్రాల్లో మొదటిసారి వాడారు. చట్టంలో వీలు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగును కొట్టివేసింది. తరువాత చట్టాన్ని సవరించి, 1998లో కొన్ని నియోజకవర్గాల్లో వాడి చూసి, 2004 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా పెట్టారు. చట్టం ముందు, యంత్రం తరువాత అన్న క్రమాన్ని మనకు కోర్టే నేర్పింది.

---

టవర్‌క్లాక్ నీడ (అనంతపురం), సోమవారం రాత్రి 9.15

నేను సాంఖ్యకశాస్త్రం బోధిస్తాను. వీవీప్యాట్ చీటీల తనిఖీ మీద ఎవరూ లెక్క వేసి చూపలేదు కాబట్టి ఆ పని నేను చేస్తాను.

ఓటు వేశాక అద్దం వెనుక ఏడు సెకన్లు కనిపించే చీటీ కింది పెట్టెలో పడుతుంది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో దీన్ని మొదట వాడారు. ఆ అక్టోబరులోనే సుప్రీంకోర్టు దశలవారీగా అన్నిచోట్లా పెట్టమంది. 2019 లోక్‌సభ ఎన్నికలకు అన్ని కేంద్రాల్లోనూ వచ్చింది. అప్పట్లో అసెంబ్లీ స్థానానికి ఒక కేంద్రం చీటీలను మాత్రమే లెక్కించేవారు. చంద్రబాబునాయుడు మొదలైన ప్రతిపక్ష నాయకులు వేసిన కేసులో 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఆ సంఖ్యను ఐదుకు పెంచింది.

ఐదు చాలునా? ఉదాహరణకు 280 కేంద్రాలున్న నియోజకవర్గాన్ని తీసుకోండి. అందులో 14 యంత్రాల్లో, అంటే నూటికి ఐదింటిలో తేడా ఉందనుకుందాం. లాటరీ తీసి ఐదు కేంద్రాలు ఎంచితే, ఆ ఐదూ మంచివే అయ్యే అవకాశం నూటికి 77. అంటే నాలుగింట మూడు వంతులకు పైగా దొంగ దొరకడు. నూటికి 95 పాళ్లు పట్టుబడాలంటే 50కి పైగా కేంద్రాలు లెక్కించాలి. అదే ఏడు అసెంబ్లీ స్థానాలున్న లోక్‌సభ నియోజకవర్గం మొత్తాన్ని ఒకే రాశిగా చూస్తే, 35 కేంద్రాల తనిఖీతో పట్టుబడే అవకాశం నూటికి 80 దాటుతుంది. దేశం మొత్తాన్ని ఒకే రాశిగా చూస్తే 479 యంత్రాలు చాలునన్న నివేదికను ఎన్నికల సంఘం ఆ కేసులో కోర్టు ముందు ఉంచింది. లెక్కలో తప్పు లేదు, రాశి ఎంపికలోనే ఉంది చిక్కంతా. ఆదోనిలో ఎవరు గెలిచారో తేల్చడానికి అస్సాంలో తీసిన చీటీలు సాక్ష్యం చెప్పలేవు.

అన్ని చీటీలూ లెక్కించాలని కూడా నేను అనను. ఆధిక్యం యాభై వేలున్న చోట నాలుగైదు కేంద్రాలు చాలు. ఆధిక్యం రెండు వందలైతే చాలా ఎక్కువ కావాలి. ఆధిక్యాన్ని బట్టి తనిఖీ సంఖ్య మారాలి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2017 నుంచి ఈ పద్ధతినే రాష్ట్రమంతటా పాటిస్తోంది.

---

ఏడురోడ్ల వకీలు (కడప), మంగళవారం ఉదయం 8.00

లెక్చరర్ గారి లెక్క నాకు నచ్చింది కానీ, చట్టం ఎక్కడ ఉందో కూడా సభ్యులకు తెలియాలి. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టులో జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా ధర్మాసనం నూటికి నూరు పాళ్లు చీటీలు లెక్కించాలన్న అభ్యర్థనను, కాగితం బ్యాలెట్‌కు తిరిగి వెళ్లాలన్న అభ్యర్థనను తిరస్కరించింది. వీవీప్యాట్‌లోకి అభ్యర్థుల గుర్తులు ఎక్కించే పరికరాలను 45 రోజులు సీలు వేసి భద్రపరచాలని, రెండో, మూడో స్థానంలో నిలిచిన అభ్యర్థి ఏడు రోజుల్లోగా కోరితే అసెంబ్లీ పరిధిలోని ఐదు శాతం యంత్రాల చిప్‌లను తయారీ సంస్థల ఇంజనీర్లు పరీక్షించాలని ఆదేశించింది. చీటీలను యంత్రంతో లెక్కించే వీలును పరిశీలించమని సంఘానికి సూచించింది.

ఆ తీర్పులో మన జిల్లా ప్రస్తావన ఉండటం చాలామందికి తెలియదు. నాలుగు కోట్లకు పైగా చీటీలను సరిపోల్చామని సంఘం చెప్పింది. లెక్క కుదరని ఒకే ఒక్క సందర్భంగా 2019లో మైదుకూరు నియోజకవర్గంలోని ఒక కేంద్రాన్ని చూపింది. కారణం కుట్ర కాదు. పోలింగుకు ముందు ఏజెంట్ల ఎదుట వేసిన నమూనా ఓట్లను అధికారి చెరపలేదు.

---

పెన్న ఇసుక, మంగళవారం ఉదయం 9.10

ఆ గుర్తులు ఎక్కించే పరికరం గురించి ఒక్క మాట. బ్యాలెట్ యూనిట్‌కు ఏ మీట ఏ పార్టీదో తెలియదు, దానికి తెలిసింది ఒకటో మీట, రెండో మీట మాత్రమే. తయారీ దశలోనే మోసం పెట్టడం కష్టమన్న వాదనకు ఇదే పునాది. వీవీప్యాట్ గుర్తును అచ్చు వేయాలి కాబట్టి దానికి పోలింగుకు కొద్ది రోజుల ముందు గుర్తులు తెలియక తప్పదు. తనిఖీ కోసం తెచ్చిన పెట్టెయే తనిఖీ అవసరమైన పెట్టె అయింది. 45 రోజుల సీలు ఆదేశం అందుకే విలువైనది.

---

కువైట్ కడపాయన, మంగళవారం మధ్యాహ్నం 2.30

మీరంతా కేంద్రం దాకా వెళ్లగలిగినవారి గురించి మాట్లాడుతున్నారు. నేను పదహారేళ్లుగా ఇక్కడ ఉన్నాను. 2010 సవరణ తరువాత ప్రవాసులు ఫారం 6ఏ పెట్టి ఓటరుగా నమోదు కావచ్చు, కానీ ఓటు వేయాలంటే అసలు పాస్‌పోర్టు పట్టుకుని సొంత ఊరి కేంద్రానికే రావాలి. విమానం టికెట్టు ఒక నెల జీతం. సైనికులకు 2016 నుంచి బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపి పోస్టులో తిరిగి తీసుకుంటున్నారు. మాకెందుకు వద్దు? ఎస్టోనియాలో 2005 నుంచి ఇంటర్నెట్‌లో ఓటు వేస్తున్నారట కదా.

---

పెన్న ఇసుక, మంగళవారం రాత్రి 11.00

అన్నగారూ, మీ బాధ న్యాయమైనదే. ఎస్టోనియాలో ప్రతి పౌరుడి దగ్గరా చిప్ ఉన్న గుర్తింపు కార్డు, దానికి రహస్య సంఖ్యలు ఉంటాయి. 2023 ఎన్నికల్లో అక్కడ సగానికి పైగా ఓట్లు ఇంటర్నెట్‌లోనే పడ్డాయి. అక్కడి పద్ధతిలో నాకు నచ్చింది వేరే ఉంది. ఒకరు ఎన్నిసార్లయినా ఓటు మార్చి వేయవచ్చు, చివరిదే లెక్కలోకి వస్తుంది. ఎవరైనా బెదిరించి వేయిస్తే తరువాత ఇంటికి వెళ్లి మార్చుకోవచ్చు. అంత జాగ్రత్తపడిన దేశంలోనే 2017లో కార్డుల చిప్‌లో లోపం బయటపడి, ఏడున్నర లక్షలకు పైగా కార్డులు ప్రమాదంలో పడ్డాయి.

మన దగ్గరా ప్రయత్నాలు జరిగాయి. తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం 2020 జనవరిలో కొంపల్లి పురపాలక ఎన్నికల్లో పది కేంద్రాల్లో ముఖాన్ని గుర్తించే యాప్‌ను, 2021 అక్టోబరులో ఖమ్మంలో ఫోన్ ద్వారా ఓటు వేయడాన్ని ప్రయోగాత్మకంగా పరీక్షించింది. రెండూ చిన్నవే. ఫోన్‌లో ఓటు అంటే నాకు మొదట కనిపించే దృశ్యం మాత్రం వేరు. పోలింగు ముందురోజు ఊరి పెద్ద ఇంటి అరుగు మీద ఫోన్లన్నీ పోగు పెట్టి ఉంటాయి. కేంద్రంలోని అట్ట తెర వెనుక ఉన్న ఆ అరనిమిషం ఏకాంతాన్ని ఏ యాప్ ఇవ్వగలదు?

---

కోసిగి అక్క (కర్నూలు జిల్లా), బుధవారం ఉదయం 5.45

కువైట్ దాకా ఎందుకు, మా మండలం నుంచి గుంటూరు దాకా వెళ్లినవారి సంగతి చూడండి. మిరపకాయలు కోయడానికి సుగ్గికి, అంటే కూలి వలసకు వెళ్లిన ఇళ్లకు తాళాలు వేసి ఉంటాయి. 2019లో మన పోలింగు ఏప్రిల్ 11న వచ్చింది, అప్పటికి చాలా కుటుంబాలు ఇంకా చేలగట్ల మీదనే ఉన్నాయి. తిరిగి రావాలంటే కూలి పోతుంది, బండి ఖర్చు అవుతుంది. ఆ బండి ఎవరు పెడితే వారు ఓటు కూడా అడుగుతారు. 2023 జనవరి 16న ఎన్నికల సంఘం వలస ఓటర్ల కోసం ఒకే యంత్రంతో 72 నియోజకవర్గాల ఓట్లు తీసుకునే నమూనాను పార్టీలకు చూపించాలనుకుంది. పార్టీలు అభ్యంతరం చెప్పాయి, అది అక్కడే ఆగింది. అంత దూరపు గుంటూరు కేంద్రంలో మా ఊరి మనిషిని గుర్తుపట్టే ఏజెంటు ఎవరుంటారన్న ప్రశ్నకు నాకూ జవాబు తెలియదు.

ఇంటికి తాళం ఉంటే ఇంకో ముప్పు ఉంది. విచారణకు వచ్చినవారు "ఇక్కడ లేరు" అని రాసుకుంటే, ఫారం-7తో పేరు తీసివేతకు దారి పడుతుంది. 2023లో మన పొరుగునే ఉరవకొండలో నిబంధనలకు విరుద్ధంగా ఓట్లు తొలగించారన్న ఫిర్యాదుపై అధికారులు సస్పెండయ్యారు. 2025లో బీహార్‌లో జరిగిన ప్రత్యేక ముమ్మర సవరణలో ముసాయిదా జాబితా నుంచే సుమారు 65 లక్షల పేర్లు పోయాయి. దొంగ ఓటు ఒకరి ఓటును ఒక్కసారి దోస్తుంది. జాబితాలో పేరు పోతే వచ్చిన మనిషి కేంద్రం గుమ్మం కూడా దాటలేదు, టెండర్ కాగితం కూడా దక్కదు.

ఆధార్ అనుసంధానం గురించి కూడా చెప్పాలి. 2015లో మొదలుపెట్టిన అనుసంధానాన్ని సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆ ఆగస్టులో ఆపారు. 2021 చట్ట సవరణ తరువాత ఫారం 6బితో మళ్లీ తెచ్చారు, అది ఐచ్ఛికమని చెబుతారు. మా ఊళ్లో ఐచ్ఛికం అన్న మాట ఎవరూ వినలేదు, నంబరు అడిగారు, ఇచ్చారు.

చివరిగా, మీరెవరూ ఎత్తని మాట. పెట్టెల కాలంలో లెక్కింపుకు ముందు వేర్వేరు కేంద్రాల కాగితాలను కలిపే ఏర్పాటు ఉండేది. యంత్రం వచ్చాక కేంద్రం వారీగా అంకెలు బయటికి వస్తున్నాయి. మా ఊరికి ఒకటే కేంద్రం, తొమ్మిది వందల ఓట్లు. ఫలానా పార్టీకి నలభై ఓట్లు పడ్డాయంటే ఆ నలభై ఎవరివో సాయంత్రానికి రచ్చబండ మీద తేల్చేస్తారు. పద్నాలుగు యంత్రాల ఓట్లు కలిపి మొత్తం మాత్రమే చూపే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ కూడా సిఫారసు చేసింది. అది ఇంతవరకు రాలేదు. హ్యాకింగు కన్నా మా వీధివారికి దీని భయమే ఎక్కువ.

---

టవర్‌క్లాక్ నీడ, బుధవారం ఉదయం 7.20

అక్కా, మీరు చెప్పిన దానికీ నేను చెప్పిన దానికీ మధ్య ఒక ఘర్షణ ఉందని ఒప్పుకోవాలి. కేంద్రం వారీ అంకె ఉంటేనే పోలింగు ముగిశాక పడిన ఓట్ల లెక్క రాసి ఇచ్చే 17సీ ప్రతితో ఏజెంటు సరిచూసుకోగలడు, నేను అడిగిన చీటీల తనిఖీ చేయగలం. కలిపేస్తే ఊరికి రక్షణ, విడిగా ఉంచితే లెక్కకు రక్షణ. అయితే ఏజెంటుకు ఇచ్చే 17సీ మొదటి భాగంలో ఉండేది ఎన్ని ఓట్లు పడ్డాయన్న మొత్తం మాత్రమే, ఎవరికి ఎన్ని అన్నది కాదు కాబట్టి, మొత్తాలను కేంద్రం వారీగా సరిచూసి, తనిఖీకి లాటరీలో వచ్చిన కేంద్రాలను మాత్రం విడిగా లెక్కించి, మిగిలినవాటిని కలిపి చూపే మార్గం ఉండవచ్చు. ఆ ఐదారు ఊళ్లవారి పరిస్థితి ఏమిటని మీరు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

---

నిర్వాహకుడు, బుధవారం ఉదయం 10.00

ఫలానా పార్టీ ఫలానా ఊళ్లో దొంగ ఓట్లు వేయించిందంటూ వచ్చిన మూడు వ్యాఖ్యలు తొలగించాం. పద్ధతుల గురించి మాత్రమే మాట్లాడవలసిందిగా మనవి.

---

హంద్రీ గట్టు (కర్నూలు), గురువారం రాత్రి 8.40

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ మొదలుపెట్టాక మనసు ఆగక నిన్న సాయంత్రం ఆ ఊరికి వెళ్లాను. అవ్వ బాగానే ఉంది, నన్ను గుర్తుపట్టి మజ్జిగ ఇచ్చింది. మాటల్లో తెలిసింది ఏమిటంటే, అదే వీధిలో అదే పేరుతో, భర్త పేరు కూడా అదే అయిన మరో ఆమె ఉంది. ఇద్దరి భర్తలకూ ఊరి దేవుడి పేరే పెట్టారు. ఆ రెండో ఆమె ఉదయం తొలి వరుసలోనే వచ్చి ఓటు వేసి వెళ్లింది. ఆమె తన కార్డు తెచ్చి చూపిస్తే క్రమసంఖ్య అడిగాను. ఆమెది జాబితా మొదటి పేజీల్లో ఎక్కడో ఉంటుంది, అవ్వది చివరి పేజీల్లో ఉంది. ఉదయం ఏడుంపావుకు వంద మంది వరుసలో ఉండగా, నేను పేరు, భర్త పేరు చూసి చేతికి దొరికిన పేజీలో గీత గీసి ఉంటాను. జాబితాలోని ఫోటోలు తపాలా బిళ్ల కన్నా చిన్నవి, నలుపు తెలుపులో మసకగా ఉన్నాయి. రెండో అధికారి రిజిస్టరులో కార్డు చూశామన్న గుర్తుగా "ఈపీ" అని రాసుకున్నారు తప్ప కార్డు సంఖ్య రాసుకోలేదు. నేను గట్టిగా చదివిన క్రమసంఖ్యను ఏజెంట్లు విన్నారు, వారిలో ఎవరూ తమ దగ్గరున్న జాబితాతో సరిచూడలేదు.

17ఏ రిజిస్టరు సీలులో ఉంది కాబట్టి దీన్ని నేను రుజువు చేయలేను. కానీ దొంగ ఓటు అనుకుని ఏడాదికి పైగా ఊరి మీద అనుమానం పెట్టుకున్నాను. అది బహుశా నా పెన్ను చేసిన పని.

---

పాత పీవో, గురువారం రాత్రి 9.10

బాధపడకండి మాస్టారూ. నేను పనిచేసిన కేంద్రాల్లోనూ ఇలాంటివి రెండు మూడు జరిగాయి. మాకు శిక్షణలో చెప్పని ఒక అలవాటు నేను చేసుకున్నాను. పేరు కాకుండా ముందు కార్డు మీది చివరి నాలుగు అంకెలు గట్టిగా చదవడం, జాబితాలో ఆ అంకెలు చూశాకే పేరు చదవడం. మన పల్లెల్లో పేర్లు, తండ్రుల పేర్లు కలుస్తాయి, కార్డు అంకెలు కలవవు.

---

కొండారెడ్డి బురుజు, గురువారం రాత్రి 9.25

వేలిముద్ర యంత్రం ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

---

కడప బండ, గురువారం రాత్రి 9.50

ఆ ఉదయం వచ్చిన ఆమె వేలిముద్ర సరిగ్గా పడేది, అది ఒప్పుకుంటాను. ఆ అవ్వ ఏం పని చేసేదో మాస్టారు గారు అడిగారా?

---

హంద్రీ గట్టు, గురువారం రాత్రి 10.05

అడిగాను. నలభై ఏళ్లు కలుపు తీసింది, శనక్కాయ పీకింది. బ్యాంకులో పింఛను తీసుకునేటప్పుడు వేలిముద్ర మూడుసార్లకు గానీ పడదని చెప్పింది. వకీలు గారికి ఒక ప్రశ్న: వచ్చే ఎన్నికకు ముందే ఈ ఇద్దరి వివరాలూ స్పష్టంగా వేరుపడేలా ఏదైనా చేయవచ్చా?

---

ఏడురోడ్ల వకీలు, గురువారం రాత్రి 10.30

చేయవచ్చు. ఇద్దరిచేతా ఫారం-8 పెట్టించండి. కొత్త ఫోటో ఇవ్వవచ్చు, ఇంటి సంఖ్యలో తప్పుంటే దిద్దించవచ్చు, కార్డు మార్పించుకోవచ్చు. బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి) దగ్గర రశీదు తీసుకోవడం మరవకండి. అవ్వకు దగ్గరుండి మీరే రాసిపెట్టండి, ఖాళీ గడుల్లో పక్కింటి ఆమె వివరాలు పడకుండా చూసుకోండి.

---

హంద్రీ గట్టు, గురువారం రాత్రి 10.40

ఆదివారం వెళతాను.